చూపించని మూల

పోయిన వారం ఇక్కడ సౌదీలో, దమ్మామ్‌లో ఒక ఆసుపత్రికి వెళ్ళాను. ఆడవాళ్ళ వెయిటింగ్ హాల్లో కూర్చుని మా అమ్మతో వీడియో కాల్ మాట్లాడుతుంటే, "ఎంత పెద్ద హాస్పిటలే! ఒకసారి చుట్టూ చూపించు" అంది. ఫోను తిప్పాను. సగం తిప్పానో లేదో, పక్క కుర్చీలోంచి ఒక అరచెయ్యి వచ్చి కెమెరా మీద ఆనింది. ఆ మనిషి నన్ను తిట్టలేదు, కోప్పడలేదు, నా మొహం వంక చూడనైనా చూడలేదు. ఎదురుగా చక్రాల కుర్చీలో ఉన్న ముసలావిడ దాటిపోయేదాకా ఆ చేతిని అక్కడే ఉంచి, తర్వాత తీసేసింది. "ఏమైందే, చీకటైపోయింది" అంటోంది అమ్మ. ఫోను ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉండిపోయాను.

అలాంటి చేతిని నేను ఇంతకుముందు చూశాను. నాలుగు పరీక్షల్లో నాలుగుసార్లు చూశాను. చూసి, దాని మీద రిపోర్టు కూడా రాశాను.

నా ఉద్యోగం సంగతి ముందు చెప్పాలి. మా ఆయన రాస్ తనూరాలో ఒక కాంట్రాక్టరు దగ్గర ఇంజనీరు. నేను తెనాలిలో జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. ఆయనతోపాటు ఇక్కడికి వచ్చాక ఊరికే కూర్చోలేక, హైదరాబాదులోని ఒక ఆన్‌లైన్ కోర్సుల సంస్థకి ఇంటి నుంచే ఇన్విజిలేటరుగా చేరాను. కంప్యూటరు తెర మీద ఆరు గళ్ళు ఉంటాయి. గడికొక మొహం, అందరూ పరీక్ష రాసేవాళ్ళే. మొహం కింద వాళ్ళు చదువుతున్న ప్రశ్న, నొక్కిన జవాబు, అది తప్పో ఒప్పో కనిపిస్తాయి. వాళ్ళను రెండు గంటలపాటు కన్నార్పకుండా చూడాలి. కళ్ళు పక్కకి తిరిగితే రాసుకోవాలి. పెదవులు కదిలితే రాసుకోవాలి. గదిలో ఇంకో మనిషి అలికిడి వినిపిస్తే రాసుకోవాలి.

మాట్లాడ్డానికి మాత్రం మాకు ఏడంటే ఏడు వాక్యాలు ఇచ్చారు. "దయచేసి మీ గుర్తింపు కార్డు చూపించండి", "దయచేసి గది నాలుగు వైపులా చూపించండి", "దయచేసి తెర వైపే చూడండి", ఈ ధోరణిలో. ఎనిమిదో వాక్యం మాట్లాడితే అదీ రికార్డవుతుంది, అప్పుడు మా మీదే రిపోర్టు వెళ్తుంది. కాలేజీలో బెంచీల మధ్య తిరుగుతూ, "ఏరా, రాత్రి అసలు నిద్రపోయావా?" అని పిల్లల్ని పలకరించిన దాన్ని, ఇక్కడికొచ్చి ఏడు వాక్యాల చిలకనైపోయాను. "ఇంట్లో కూడా ఆ ఏడే మాట్లాడవోయ్, హాయిగా ఉంటుంది" అన్నారు మా ఆయన. ఆయన సరసం ఎప్పుడూ అలాగే ఉంటుంది.

గల్ఫ్‌లో ఉండి పరీక్ష రాసేవాళ్ళను, గడియారం ఒకటే కదా అని, నాకే వేసేవారు. అలా వచ్చింది ఆమె నా తెర మీదికి. మూడో గడి. రాయచోటి వైపు మనిషి. జెద్దాలో ఒక ఇంట్లో మంచం పట్టిన పెద్దావిడను చూసుకునేది. పేరు నాకు తెలుసు గానీ రాయను. అప్పుడు రాసింది చాలు.

మొదటి పేపరు రోజు ఇకామా కార్డు, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే గుర్తింపు కార్డు, చూపించమంటే తలకిందులుగా చూపించింది. నేను మెడ వంచి చదువుకున్నాను. తర్వాతి మూడు పేపర్లకూ అంతే, తలకిందులే. చెవుల్లో ఏమీ లేవని చూపించడానికి తల మీది గుడ్డను రెండు వైపులా కాస్త ఎత్తి, వెంటనే దించి సర్దుకునేది. గాజులు తీసి టేబుల్ మీద పెట్టి, "రెండే మేడమ్" అని లెక్క చెప్పేది. గాజుల లెక్క ఎవరూ అడగలేదు. "పరీక్ష ప్రారంభించవచ్చు" అనే నా ఆరో వాక్యానికి, "అట్లనే మేడమ్. పాసైతే నాకి ఎగ్జిట్. ల్యాకుంటే ఇంగా రెండేండ్లు" అంది. దానికి జవాబు నా ఏడింటిలో లేదు.

ఆ మాటకి అర్థం, ఆమె చేత్తో నింపి పంపిన దరఖాస్తు తెరిచి చూశాక తెలిసింది. అది వృద్ధుల సంరక్షణ కోర్సు, ఏడాది చదువు, నాలుగు పేపర్లు, అన్నీ సరైన జవాబు మీద నొక్కే ప్రశ్నలే. కడపలో ఒక ఆసుపత్రివాళ్ళు ఆ సర్టిఫికెట్ తెస్తే పనిలోకి తీసుకుంటామన్నారు. ఇక్కడి కాంట్రాక్టు ఆ నెలాఖరుకే అయిపోతుంది. సర్టిఫికెట్ వస్తే సామాను సర్దుకుని ఇంటికి. రాకపోతే ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టడం. "కోర్సులో ఎందుకు చేరుతున్నారు?" అన్న గడిలో ఇదంతా వంకర అక్షరాలతో, ఒక్క ఫుల్‌స్టాపు కూడా లేకుండా రాసుకొచ్చింది.

మొదటి రోజు పరీక్ష మొదలవక ముందే గది చూపించమన్నాను. ఆమె పరీక్ష రాసేది ఆ ఇంటి కాలేజీ పిల్ల ఇచ్చిన ట్యాబ్ మీద. దాన్ని రెండు చేతులతో ఎత్తి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు భుజం ఎత్తులో పట్టుకుని నెమ్మదిగా తిరిగింది. తలుపు, బట్టల బీరువా, మూసిన కిటికీ, గహ్వా కాఫీ ఫ్లాస్కు పెట్టిన చిన్న బల్ల కనిపించాయి. నాలుగో మూల వచ్చేసరికి ఒక్కసారిగా తెర నల్లబడింది. గులాబీ రంగు అంచున్న నలుపు. అది చెయ్యి అని తెలియడానికి నాకు క్షణం పట్టింది. చెయ్యి తీసేసరికి మళ్ళీ ఆమె మొహం.

"దయచేసి గది నాలుగు వైపులా చూపించండి" అన్నాను రెండోసారి.

"చూపిచ్చినా గదా మేడమ్. ఆ మూలకి మామా కబీర ఉండాది. ఆ మనిషిని చూపీకూడదు. ఈ ఇంట్లో ఆడోళ్ళను కెమేరాలో చూపిస్తే ఊరుకోరు. ఆమెను ఇడిసిపెట్టి నేను ఇంగో రూములోకి పోనూకూడదు. ఏం చేయమంటావు చెప్పు మేడమ్."

ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసే మనవాళ్ళు ఇంటావిడను మామా అంటారు, ఇంటాయనను బాబా అంటారు. మామా కబీర అంటే పెద్ద మామా, ఇంటావిడ అత్తగారు. ఆవిడే ఆమె పని. లేపడం, తినిపించడం, కడగడం, పక్కకి తిప్పడం.

ఏం చేయమంటావని అడిగితే నేనేం చెప్పను? మా సూపర్‌వైజరుకి చాట్‌లో రాశాను. ఆయన హైదరాబాదులో ఒకేసారి పదిమంది ఇన్విజిలేటర్లకి జవాబు చెప్తుంటాడు. "నోట్ చేసుకోండి, కొనసాగించండి" అని వచ్చింది. నోట్ చేసుకున్నాను. కొనసాగించాను.

ఆమె పరీక్ష రాసే తీరు చూస్తే ఏ ఇన్విజిలేటరుకైనా ఒళ్ళు మండుతుంది. ప్రతి ప్రశ్ననూ పెదవులతో చదివేది, గొంతు రాదు గానీ పెదవులు మాత్రం పూర్తిగా ఆడేవి. చదివాక గడ్డం కింద బొటనవేలు పెట్టుకునేది. జవాబు నొక్కే ముందు వేలిని తల గుడ్డకి తుడుచుకునేది, చెమటకి తెర పలకదని కాబోలు. నొక్కాక, "సరే, పో" అనేది ప్రశ్నతో. ఇంటికొచ్చిన మనిషిని గుమ్మందాకా సాగనంపినట్టు, ప్రతి ప్రశ్ననీ అలా పంపించేది. మా రూల్సు ప్రకారం పెదవులు కదిలితే ఒక గుర్తు. ఆమె పేరు పక్కన మొదటి రోజే నలభై గుర్తులు పడ్డాయి.

రెండో పేపరులో సగం అయ్యాక ఆ మూల నుంచి సన్నగా మూలుగు వినిపించింది. ఆమె తల తిప్పకుండానే, "తయ్యిబ్, తయ్యిబ్" అంది, సరే సరే అన్నట్టు. మూలుగు ఆగలేదు. ఆమె లేచిపోయింది. గడిలో ఖాళీ కుర్చీ. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. ముప్పావు నిమిషం తర్వాత వచ్చి కూర్చుంది. పరీక్ష మధ్యలో లేస్తే పేపరు ఆపేయాలని రూలు. "దయచేసి సీటు వదలకండి" అన్నాను, అది నా అయిదో వాక్యం.

"నోరెండిపోతాందని సైగ జేసె మేడమ్. ఇన్ని నీళ్ళు పోసొచ్చినా" అని రెండు చేతులూ జోడించింది.

ఆ చేతులు తడిగా ఉన్నాయా అని చూశాను. అంతదాకా దిగజారింది నా బుద్ధి. తడి ఉన్నట్టే ఉంది, లేనట్టూ ఉంది. వీడియో అంత స్పష్టంగా రాదు. పేపరు ఆపలేదు. ఆపకపోవడం జాలో, బద్ధకమో, ఇప్పటికీ నాకు తేలలేదు.

మూడో పేపరులో వచ్చిన ప్రశ్న నాకు కంఠతా ఉంది. మంచం మీదున్న మనిషికి ఒళ్ళు పుండ్లు పడకుండా ఎన్ని గంటలకోసారి పక్కకి తిప్పాలి? నాలుగు జవాబులు ఇచ్చారు. ఆమె చదివింది. గడ్డం కింద బొటనవేలు పెట్టుకుంది. తల తిప్పి ఆ మూలకేసి చూసింది. ఒకటి రెండు క్షణాలు కాదు, చాలాసేపు చూసింది. వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకుంది. అప్పుడు రెండు గంటల మీద నొక్కి, "సరే, పో" అంది. జవాబు కరెక్టు.

ఆ రోజు భోజనాల దగ్గర మా ఆయనకి చెప్పాను. ఆయన ఇంజనీరు కదా, ఏదైనా అవునో కాదో తేల్చేయాలి.

"ఇంతకీ ఆవిడ కాపీ కొట్టినట్టా, కొట్టనట్టా?"

"ఆ మూల ఏముందో తెలిస్తే కదా!"

"ముసలావిడ ఉందని చెప్పిందిగా."

"ముసలావిడే ఉందనుకోండి. తను రోజూ తిప్పే మనిషిని చూసి, ఎన్నిసార్లు తిప్పుతున్నానా అని లెక్కపెట్టుకుని జవాబు రాసింది. అది కాపీయేనా?"

ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగారు. "పుస్తకం చూసి రాస్తే కాపీ. మనిషిని చూసి రాస్తే..." అని, "పప్పులో ఉప్పు తక్కువైంది" అన్నారు. ఉప్పు సరిగ్గానే ఉంది.

అక్కడితో ఆగి ఉంటే నేనూ ఎలాగో సర్దుకునేదాన్నే. నాలుగో పేపరు నన్ను పూర్తిగా ముంచేసింది. ఎప్పటిలాగే గది చూపించింది, ఎప్పటిలాగే నాలుగో మూలకి అరచెయ్యి అడ్డం పెట్టింది. అరగంట బాగానే నడిచింది. తర్వాత తలుపు చప్పుడైంది. ఆ మూల నుంచి ఒక పడుచు గొంతు వినిపించింది. అరబ్బీలో ఏదో అంటోంది, నవ్వుతోంది. ముసలావిడతో మాట్లాడుతోందో, ఈమెతో మాట్లాడుతోందో తెలియదు. నా అరబ్బీ కూరగాయల కొట్టు దాకానే. "దయచేసి గదిలో ఎవరూ ఉండకూడదు" అన్నాను. ఆమె కంగారుగా మూలకేసి చూసి చేత్తో ఏదో సైగ చేసింది. పొమ్మనా, ఆగమనా? గొంతు కాసేపు ఆగి, మళ్ళీ వినిపించింది.

ఆ తర్వాత ఆమె వరసగా అయిదు ప్రశ్నలకి జవాబు నొక్కేసింది. గబగబా. గడ్డం కింద బొటనవేలు లేదు. "సరే, పో" లేదు. పెదవులు కదల్లేదు. నాలుగు పేపర్లలోనూ ఆమె పెదవులు కదలకపోవడం నేను చూసింది అప్పుడే. ఇన్నాళ్ళూ కదుల్తున్నాయని గుర్తులు వేసిన దాన్ని, ఇప్పుడు కదల్లేదని అనుమానపడ్డాను. అయిదూ కరెక్టే.

పరీక్ష ముగిశాక రిపోర్టులో మూడు గళ్ళుంటాయి. సవ్యంగా జరిగింది, మాల్‌ప్రాక్టీసు జరిగింది, అనుమానం. సవ్యంగా జరిగిందని రాస్తే అబద్ధం అనిపించింది. మాల్‌ప్రాక్టీసు అని రాయడానికి చెయ్యి రాలేదు, నేను కళ్ళతో చూసింది ఏముంది గనక? మూడోది నొక్కాను. అన్నిటికన్నా నిజాయితీ అయినది అదేననుకున్నాను. నాకు తెలియదని ఒప్పుకుంటున్నాను, నాకన్నా తెలిసినవాళ్ళు రికార్డింగ్ చూసి తేలుస్తారు అనుకున్నాను. అందులో కాస్త దయ కూడా ఉందనుకున్నానని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఆ సంస్థలో రికార్డింగులు ఎవరూ చూడరు. మూడో గడి నొక్కితే రిజల్టు ఆగిపోతుంది, కమిటీ కూర్చునేదాకా. కమిటీ కూర్చోవడానికి అయిదు వారాలు పట్టింది. ఇది తెలిసి సూపర్‌వైజరుకి ఫోన్ చేసి, "అయ్యో, ముందే చెప్పాలి కదండీ!" అన్నాను. "ట్రైనింగులో చెప్పాం మేడమ్, మీరు వినలేదేమో" అన్నాడు. వినలేదేమో. ఆ ట్రైనింగు రోజు నేను పులిహోర కలుపుతూ విన్నాను.

విచారణ వీడియోలోనే. మీటింగ్ లింకు నా పేరు మీదే పెట్టించారు. కమిటీలో ముగ్గురు, నేను, ఆమె. ఆమె మొహం కాస్త పీక్కుపోయి ఉంది. ముగ్గురిలో పెద్దాయన సూటిగా విషయానికి వచ్చేశాడు.

"నాలుగు పరీక్షల్లోనూ ఒక మూల చూపించలేదు. ఎందుకు?"

"ఆడ మామా కబీర ఉండె సార్."

"ఇప్పుడు ఉన్నారా?"

"ల్యా సార్. చచ్చిపోయి పదకొండు దినాలాయ."

అయ్యో అని ఎవరో ఒకరు అంటారేమోనని చూశాను. నేనూ అనలేదు.

"అయితే ఇప్పుడు చూపించడానికి అభ్యంతరం లేదుగా?"

"లేదు సార్."

ట్యాబ్ ఎత్తింది. తలుపు, బీరువా, కిటికీ, చిన్న బల్ల. నాలుగో మూల రాగానే తెర నల్లబడింది.

"చూశారా? మళ్ళీ అడ్డం పెట్టింది" అన్నాడు పెద్దాయన పక్కవాళ్ళతో.

చెయ్యి వెంటనే తొలగింది. పరుపు తీసేసిన ఇనప మంచం కనిపించింది. పక్కన ఆక్సిజన్ సిలిండరు స్టాండు, స్టాండు మాత్రమే. "చెయ్యి దానంతట అది పోయింది సార్. అలవాటు" అంటోంది ఆమె, ట్యాబ్ వెనక నుంచి, కనిపించకుండా.

ఖాళీ మంచం దేనికీ రుజువు కాదని ఒకాయన అన్నాడు. అదీ నిజమే. నా అభిప్రాయం అడిగారు. "నేను కచ్చితంగా చెప్పలేనండీ" అన్నాను. ఆ పడుచు గొంతు గురించి నా రిపోర్టులో ఉంది. ఎవరూ దాని ఊసెత్తలేదు, మూల చుట్టూనే తిరిగారు. నేనూ ఎత్తలేదు. ఎత్తితే ఆమెకి మేలవుతుందో కీడవుతుందో తెలియలేదు. చివరికి నాలుగు పేపర్లూ రద్దు చేశారు. వచ్చే ఏడాది మళ్ళీ రాసుకోవచ్చన్నారు. ఒకరి తర్వాత ఒకరు మాయమైపోయారు.

మీటింగ్ నేను ఆపితే తప్ప ఆగదు. తెర మీద మేమిద్దరమే మిగిలాం. నా ఏడు వాక్యాలకీ అక్కడ పని లేదు. ఏం మాట్లాడాలో తెలియక, "వచ్చే ఏడాది రాద్దురుగాని లెండి" అన్నాను.

"యాడ మేడమ్" అంది. "కాంట్రాక్టు అయిపాయ గదా. రిజల్టు వచ్చెనా అని బాబా రెండుసార్లు అడిగె. రాలేదంటి. ఇంగ పోయిన వారమే సంతకం పెట్టేస్తి. నజ్రాన్‌లో బాబా అక్కోళ్ళ ఇల్లు. రెండేండ్లు."

అంటే ఈ విచారణలో ఏం తేలినా ఆమెకి ఒరిగేదేమీ లేదు. కమిటీ రద్దు చేయకముందే, నేను మూడో గడి నొక్కినప్పుడే అంతా అయిపోయింది. "మరి ఈరోజెందుకు వచ్చారమ్మా?" అన్నాను.

"నా మాట ఎవురన్నా అడుగుతారేమోనని వచ్చినా." తల గుడ్డ సర్దుకుంది. "మీరు జెప్పండి మేడమ్. నాలుగు పరీక్షలూ నా మొగమే జూస్తా కూచుంటిరి. నేను కాపీ కొట్నానా?"

"నాకు తెలియదమ్మా" అన్నాను. అది నిజం.

"తెలీకుంటే నన్ను అడగల్ల గదా మేడమ్" అంది. గొంతులో కోపం లేదు. నిజంగా అర్థంకాక అడుగుతున్నట్టే ఉంది. "అడిగింటే చెప్పిందును."

అప్పుడైనా అడగాల్సింది. ఆ రోజు మూల నుంచి మాట్లాడిన పిల్ల నీకేమన్నా చెప్పిందా అని ఒక్క ప్రశ్న. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. లేదు అంటే నమ్ముతానా? అవును అంటే ఆ మాటతో ఏం చేస్తాను? రెండూ తేలక అడగలేదు. ఆమె తెరకేసి చూస్తూ ఎదురుచూసింది, ఇన్విజిలేటరు పక్కన నిలబడితే కలం ఆపి తలెత్తి చూసే పిల్లలా.

"సరేలే మేడమ్, లోపల పిలుస్తాండారు" అని లేచింది.